పనికి మనవాడు, మాటకి పరాయివాడు

జపాన్‌లో చిన్న దీవుల వాళ్లు బయటివాళ్లను తొందరగా కలుపుకోరని కొందరు వీడియోలు తీసి మరీ బాధపడిపోతున్నారు. అసలు ఎందుకు కలుపుకోవాలి?

జపాన్‌కి దక్షిణ కొసన ఉన్న ఒకినావా వైపు మియాకో దీవిలో షిమాజిరి అనే పల్లె ఉంది. ఏటా అక్కడ పాంతు వేడుక జరుగుతుంది. ముగ్గురు ఒంటినిండా తీగలు చుట్టుకుని, పాత బావిలోని బురద పట్టించుకుని, ముసుగులతో ఊరంతా తిరుగుతారు. దొరికినవాళ్లకి, కొత్తగా కట్టిన ఇళ్లకి, చంటిపిల్లలకి కూడా ఆ కంపు బురద పులుముతారు. కీడు పోతుందని నమ్మకం. 2018లో యునెస్కో గుర్తింపు పొందిన జపాన్ వేడుకల్లో ఇదీ ఒకటి. చూడ్డానికొచ్చిన టూరిస్టులు కొందరు బట్టలు పాడయ్యాయని గొడవకు దిగారు! బురద పూసే పండక్కి తెల్లచొక్కా వేసుకురమ్మని ఎవరు పిలిచారో మరి. ఇప్పుడు ఆ ఊరివాళ్లు తేదీని ముందుగా పెద్దగా బయటపెట్టరు. మంచి పని చేశారు.

ఒకినావా వైపే ఉన్న యాయెయామా దీవుల్లో, ముసుగు దేవుళ్లు ఊళ్లోకి వచ్చే అకమత-కురోమత అనే వేడుక ఇంకా కట్టుదిట్టం. ఫొటోలు తీయకూడదు, రికార్డు చేయకూడదు, బొమ్మ కూడా గీయకూడదు. దీన్ని పొగరు అనేవాళ్లతో నాకు పేచీ. వాళ్ల దేవుడు, వాళ్ల ఇష్టం.

అలాగని అన్ని దీవులూ తలుపులు మూసుకోలేదు. ఒకినావాకి దూరంగా, జపాన్ సముద్రంలో ఉన్న ఓకి దీవుల్లో అమా అనే ఊరు ఉంది. కుర్రకారు వలసపోయి, హైస్కూలు మూతపడే స్థితికి వస్తే, దేశం నలుమూలల నుంచి పిల్లల్ని రప్పించి నిలబెట్టుకున్నారు. ఆగస్టులో చేతుల్లో అన్నం గరిటెలు పట్టుకుని అందరూ కలిసి డాన్స్ చేసే కిన్యమొన్య పండగ వాళ్లదే. అందులో ఎవరైనా దూరిపోవచ్చు.

కానీ గరిటెలు ఆడించినంత మాత్రాన ఊరివాడు అయిపోడు. గుడి దారిలో గడ్డి కోయాలి, ఊరి మీటింగుల్లో గంటలకొద్దీ కూర్చోవాలి, పండగ మర్నాడు పందిళ్లు విప్పాలి. మన పెళ్లిళ్లలో కూడా విస్తళ్లు ఎత్తేవాడే కదా అసలు చుట్టం. ఇలా పల్లెలకు వెళ్లి పనిచేసేవాళ్ల కోసం జపాన్ ప్రభుత్వం 2009లో ఒక పథకం పెట్టింది. జీతం మహా అయితే మూడేళ్లు. అలా వెళ్లి, దిగిన ఏడాదే "మీ పండగని ఇలా మార్కెటింగ్ చేద్దాం" అని పెత్తనం మొదలుపెడితే పెద్దవాళ్లకి ఒళ్లు మండదా?

అయితే ఊళ్లనీ పూర్తిగా వెనకేసుకు రాను. పదిహేనేళ్లు గడ్డి కోసినవాడిని కూడా మీటింగులో నోరెత్తితే "నువ్వు బయటివాడివి" అని కూర్చోబెట్టే ఊరు ఉంటే, అక్కడ పల్లకి మోయడానికి మనుషులు లేక పండగ ఆగిపోయినా నాకేం జాలి కలగదు.