సంతకానికి ముందే సైన్యాన్ని అడగాలి

సింగపూర్‌లో నౌకాస్థావరం కట్టాలని బ్రిటన్ 1921లో నిర్ణయించింది. ఎంచుకున్న చోటు ద్వీపానికి ఉత్తరాన, జొహోర్ జలసంధి ఒడ్డున ఉంది. అవతలి గట్టు మలయా (నేటి మలేసియా)లోని జొహోర్ సుల్తాను రాజ్యం. ఆ రాజ్యంలో అప్పటికే జపాన్ కంపెనీల రబ్బరు తోటలున్నాయి. బత్తు పహాత్ ప్రాంతంలో ఇనుప గని కూడా జపాన్ వ్యాపారుల చేతికే వచ్చింది. 1930 నాటికి మలయాలోని మరో రాజ్యం తెరెంగానులో, బుకిత్ బెసి వద్ద ఇంకో గని మొదలైంది. ఆ ఖనిజం ఓడలెక్కి జపాన్ ఉక్కు కర్మాగారాలకు పోయేది.

జపాన్ వాళ్లు తోటల్లో ఉంటూ తీరాన్ని కొలుస్తున్నారేమో, ఖనిజం ఓడలు రేవుల లోతు చూసుకుంటున్నాయేమో అని బ్రిటిష్ సైనికాధికారులకు టెన్షన్. ఆ భయం అకారణమేమీ కాదు. కానీ ఆ లీజులిచ్చింది బ్రిటిష్ సలహాదారులు కూర్చున్న పాలనే. ఒక శాఖ ఆదాయం లెక్కపెట్టుకుంటుంటే, అదే నేల మీద ఇంకో శాఖ నిఘా పెట్టింది.

అసలు తప్పు ఇక్కడే జరిగిందని మేము భావిస్తున్నాం. అనుమానం ఒప్పందాలను వదిలి మనుషుల మీదికి మళ్లింది. ఫొటో స్టూడియో నడిపేవాడైనా, మంగలి అయినా, చేపలు పట్టేవాడైనా జపాన్ వాడైతే చాలు, గూఢచారేనన్నారు. 1941 డిసెంబరులో జపాన్‌తో యుద్ధం రాగానే ఆడవాళ్లు, పిల్లలతో సహా పట్టుకున్నారు. ఓడల్లో భారతదేశానికి తెచ్చి ఢిల్లీ పురానా ఖిల్లాలో నిర్బంధించారు. దానివల్ల సింగపూర్ నిలిచిందా? థాయ్‌లాండ్ దక్షిణ తీరంలోనూ, మలయా ఈశాన్య తీరంలోని కోట భారులోనూ దిగిన జపాన్ సేన మలయా పొడవునా దిగివచ్చి, 1942 ఫిబ్రవరి 15న ఆ నగరాన్ని లొంగదీసుకుంది. మలయా తోటల్లో కూలికి వెళ్లిన తమిళులు, మన తెలుగువాళ్లు ఆ తర్వాత జపాన్ సేన వేయించిన సయాం (థాయ్‌లాండ్)-బర్మా రైలు మార్గం పనికి తరలిపోయారు. ఎందరో ఆ అడవుల్లోనే చనిపోయారు. ఏ లీజు రాసేటప్పుడూ వాళ్లను అడిగినవాళ్లు లేరు.

ఇలాంటి చిక్కే ఈ కాలంలోనూ వచ్చింది. ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవును 2015లో అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం ఒక చైనా కంపెనీకి 99 ఏళ్లకు లీజుకిచ్చింది. అమెరికా మెరైన్లు వంతులవారీగా వచ్చి శిక్షణ పొందే ఊరది. రేవును మళ్లీ స్వదేశీ చేతుల్లోకి తెస్తామని 2025లో ఆ దేశ ప్రధాని హామీ ఇవ్వాల్సి వచ్చింది.

విశాఖలో తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది. ఆ తీరంలో భూములు, రేవులు లీజుకిచ్చే ప్రభుత్వాలను మేము కోరేది ఇదీ: రక్షణ శాఖ అభిప్రాయాన్ని సంతకానికి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఎంత దూరంలో ఏ పని కూడదో అందరికీ ఒకే నిబంధన పెట్టండి. అక్కడ బతికే మత్స్యకారులకు, కూలీలకు ఆ కాగితాన్ని తెలుగులో చూపించండి.