ఐఎం నంబరు చూసి బ్లాంక్ కొంటారా?

మళ్లీ వచ్చింది ఆ మెసేజ్. "సొంతంగా బాస్ రాడ్ కట్టుకునేవాళ్లకు షాపువాళ్లు చెప్పని ఏడు నిజాలు" అట. బాస్ రాడ్ అంటే ల్యూర్ (ఉత్తుత్తి ఎర) విసిరి చేపలు పట్టే గాలం కర్ర. చెన్నైలో గాలం పట్టే మన తెలుగువాళ్ల గ్రూపులన్నిట్లో ఇదే తిరుగుతోంది. ముత్తుకాడు బ్యాచ్ పంపింది, పులికాట్ బ్యాచ్ పంపింది, ఆఖరికి ఇంతవరకు రాడ్‌కి ఒక్క గైడ్ (లైన్ దూరే రింగు) కూడా చుట్టని మా ఆఫీసు కుర్రాడు కూడా "అన్నా ఇది చూశావా" అని పంపాడు. చూశాను తమ్ముడూ, చదివాను కూడా, అందుకే ఈ బాధ.

చదవనివాళ్ల కోసం ఆ ఏడూ ఇవి (బ్లాంక్ అంటే ఇంకా గైడ్లు, రీల్ సీటు పెట్టని ఉత్త రాడ్ గొట్టం): నల్ల బ్లాంకే కొనాలి. సింగిల్ పీసే కొనాలి. పవర్ చాలకపోతే టిప్, అంటే సన్నటి కొస, కోయాలి. లేబుల్ మీది ఐఎం నంబరు ఎంత పెద్దదైతే బ్లాంక్ అంత గట్టిది. ఒరిజినలో కాదో తెలియాలంటే టిప్ పట్టుకుని యూ ఆకారంలో వంచాలి. స్పైన్ (గొట్టంలో మిగతా వైపులకంటే బిరుసుగా ఉండే వైపు) చూసి గైడ్లు కట్టకపోతే రాడ్ చేతిలో తిరిగిపోతుంది. గ్లాస్ ఫైబర్ బ్లాంక్‌ని తీసిపారేయొద్దు.

రంగు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తా. నీళ్లలో ఉండేది లైన్, బ్లాంక్ కాదు. అయిపోయింది.

సింగిల్ పీస్ మంచిదే, ఎవరు కాదన్నారు? ఏడడుగుల గొట్టాన్ని విదేశం నుంచి తెప్పించుకునే స్తోమత, వచ్చాక దాన్ని బైక్ మీద ఈసీఆర్ రోడ్డులో మోసుకెళ్లే ఒడుపు ఉంటే కొనండి. లేనివాళ్లకు జాయింట్ సరిగ్గా కూర్చున్న టూ పీస్ చాలు. టిప్ కోస్తే రాడ్ కాస్త బిరుసెక్కే మాట నిజమే, కానీ పోయేది ల్యూర్‌ని విసిరేటప్పుడు ముందుగా వంగాల్సిన మెత్తటి కొస. పొడవు తగ్గించాలనుకుంటే బట్ (చేత్తో పట్టుకునే లావు చివర) వైపు కోసుకోండి, పవర్ కావాలనుకుంటే పవర్ ఉన్న బ్లాంకే కొనుక్కోండి.

ఇప్పుడు అసలు గోలకొద్దాం, ఐఎం నంబరు. ఐఎం6, ఐఎం7 అనేవి హెక్సెల్ అనే అమెరికన్ కంపెనీ తన కార్బన్ ఫైబర్‌కి పెట్టుకున్న పేర్లు. ఐఎం అంటే ఇంటర్మీడియట్ మాడ్యులస్. ఐఎస్ఐ మార్కులా పరిశ్రమంతటికీ వర్తించే గ్రేడు కాదది. రాడ్ కంపెనీలు మాత్రం ఆ అక్షరాల పక్కన ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకుంటున్నాయి కాబట్టి, ఒకరి ఐఎం8, ఇంకొకరి ఐఎం8 ఒకే సరుకు అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

పోనీ, అంకె నిజమే అనుకుందాం. మాడ్యులస్ చెప్పేది బిరుసుతనం గురించి, బలం గురించి కాదు. జపాన్ కంపెనీ టోరే తన ఫైబర్లకు ఇచ్చిన లెక్కలే చూడండి. టీ700ఎస్ మాడ్యులస్ 230 గిగాపాస్కల్స్, రాడ్ల మీద 24 టన్ అని రాసేది సుమారుగా ఈ తరగతే (ఆ టన్ కూడా మాడ్యులస్ కొలతే). ఎం40జె మాడ్యులస్ 377, అంటే 40 టన్‌కి దగ్గర. మెసేజ్ రాసిన మహానుభావుడి లెక్కన రెండోది బ్రహ్మాండంగా గట్టిగా ఉండాలి కదా? లాగితే తట్టుకునే బలం మొదటిదానికి 4,900 మెగాపాస్కల్స్, రెండోదానికి 4,400. తెగేలోపు మొదటిది 2.1 శాతం సాగుతుంది, రెండోది 1.2 శాతమే. నంబరు పెరిగేకొద్దీ ఏం పెరిగింది, ఏం తగ్గింది మీరే చూసుకోండి.

మరి అంత డబ్బు పోసి హై మాడ్యులస్ ఎందుకు కొంటారంటే, అదే బిరుసుతనం తక్కువ సరుకుతో వస్తుంది, రాడ్ తేలికవుతుంది, అడుగున ల్యూర్ రాయికి తగిలినా చేతికి తెలుస్తుంది. నిజమైన లాభమే. కానీ సరుకు తగ్గిందంటే గొట్టం గోడ పల్చబడిందని అర్థం. పల్చటి అప్పడాన్ని ఎలా చూసుకుంటామో దాన్నీ అలా చూసుకోవాలి. బైక్ స్టాండ్‌కి ఒకసారి టంగుమని తగిలితే పైకి ఏమీ కనపడదు, ఎప్పుడో మంచి చేప పడ్డ రోజున అదే చోట పుటుక్కుమంటుంది, అప్పుడు బ్లాంక్ డూప్లికేట్ అని ఇంకో మెసేజ్ పుడుతుంది. గుర్రపుడెక్క మధ్యలోంచి కొర్రమీనుని 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్)‌తో బయటికి ఈడ్చేవాడికి కావాల్సింది 40 టన్ లేబుల్ కాదు, కాస్త మందంగా ఉండి దెబ్బ తట్టుకునే బ్లాంక్. పైగా చాలా బ్లాంకుల్లో మొత్తం ఒకే ఫైబర్ ఉండదు, ఒక్కో చోట ఒక్కో రకం షీటు చుడతారు. లేబుల్ మీద మాత్రం పెద్ద అంకే ఉంటుంది. ఎంత ఉందో వాళ్లు రాయరు, మనం అడగం.

ఇక యూ ఆకారం పరీక్ష. అయ్యా, కొనకముందే విరగ్గొట్టే ఉపాయం ఇంతకంటే మంచిది నాకు తెలియదు. చేప లాగినప్పుడు బరువు గైడ్ల మీదుగా బ్లాంకంతా పంచుకుంటుంది. చేత్తో టిప్ పట్టుకుని మడిస్తే ఆ బరువంతా వేలెడు సన్నటి కొస మీదే పడుతుంది. అలా విరిగితే అది నకిలీ అనడం న్యాయమేనా? మీ చేతిలో విరక్కుండా లోపల చిట్లి, తర్వాత కొన్నవాడి నెత్తిన పడితే ఇంకా దారుణం.

కొలవాలనే సరదా ఉంటే పద్ధతి ఉంది. మీడియం హెవీ, ఫాస్ట్ లాంటి మాటలకు కంపెనీల మధ్య ఒప్పందం లేదు కాబట్టి కొలవడం మంచిదే కూడా. అమెరికాలో విలియం హానెమన్ అనే ఆయన కామన్ సెంట్స్ అని ఒక విధానం పెట్టాడు: బట్ కదలకుండా బిగించి బ్లాంక్‌ని అడ్డంగా పెట్టి, టిప్ నుంచి వేలాడే సంచీలో నాణేలు వేస్తూ, కొస బ్లాంక్ పొడవులో మూడో వంతు కిందికి దిగేదాకా ఆ బరువు లెక్కించడం. వాళ్ల సెంటు 2.5 గ్రాములు. మనకి ప్లాస్టిక్ కవరూ నీళ్లూ చాలు, మిల్లీలీటరుకి ఒక గ్రాము. మీకు నచ్చిన పాత రాడ్‌ని అలా కొలిచి పెట్టుకుంటే, కొత్త బ్లాంక్ దానికంటే ఎక్కువో తక్కువో లేబుల్‌ని అడగాల్సిన పనుండదు. టిప్ దగ్గర టేపుతో లైన్ అంటించండి చాలు, మడవకండి.

స్పైన్ భక్తులకు ఒక చిన్న ప్రశ్న. రాడ్ తిరగడానికి స్పైన్ కారణమైతే, రీల్ కింద వేలాడే స్పిన్నింగ్ రాడ్లు ఎందుకు తిరగవు? వాటి గైడ్లు కింద వేలాడుతుంటాయి, లైన్ లాగేదీ కిందికే. రీల్ పైన కూర్చునే బెయిట్‌కాస్టర్‌లో గైడ్లు పైన ఉంటాయి, బరువు పడగానే కిందికి పోదామని చూస్తాయి. స్పైన్ ఎటున్నా వాటికి లెక్కలేదు. అంత భయమైతే రీల్ దగ్గర పైన మొదలుపెట్టి మెల్లగా పక్కకి తిప్పి కిందికి తెచ్చే స్పైరల్ చుట్టుడు చుట్టుకోండి. స్పైన్ వెతికే టైములో బ్లాంక్ ఎటు వంకరగా ఉందో చూసి, ఆ వంకర పైకో కిందికో వచ్చేలా గైడ్లు పెడితే రాడ్ కంటికైనా తిన్నగా ఉంటుంది.

గ్లాస్ మీద మాత్రం ఆ మెసేజ్‌తో నాకు పేచీ లేదు, నిజానికి గ్రూపులో కార్బన్ కార్బన్ అని ఊగేవాళ్లకంటే అక్కడే బాగా చెప్పాడు. క్రాంక్‌బెయిట్ (లాగితే మునిగి ఊగే ల్యూర్) లాగే చోట, మూడు కొక్కేల చిన్న ట్రెబుల్ హుక్కులున్న చోట గ్లాస్ నెమ్మదిగా వంగుతుంది, చేప ల్యూర్‌ని నోట్లోకి తీసుకునేదాకా ఆగుతుంది, అది ఎగిరి తల విదిలించినా హుక్కు అంత తేలిగ్గా ఊడదు. ముత్తుకాడులో పండుగప్ప ఎగరడం చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. బరువెక్కువ, అదొక్కటే. బట్ కూడా లావుగా ఉంటుంది కాబట్టి రీల్ సీట్ (రీల్ బిగించే భాగం) ఆర్డర్ పెట్టేముందు బట్ వ్యాసం కొలుచుకోండి.