స్లిప్పులు పెట్టెలోనే ఉన్నాయిగా, లెక్కపెట్టడానికేం?

ఏపీలో ఈవీఎం మంచిదా చెడ్డదా అన్నది ఆ ఏడాది ఎవరు ఓడారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2009లో ఓడాక టీడీపీకి ఈవీఎంల మీద బోలెడు అనుమానాలు. 2014లో గెలిచాక అవి ఎటుపోయాయో! 2019లో మళ్లీ వచ్చాయి, వైసీపీ వాళ్లు వెక్కిరించారు. 151 సీట్లు ఇచ్చినప్పుడు బ్రహ్మాండంగా పనిచేసిన మిషన్, 2024లో 11 ఇచ్చేసరికి జగన్ గారికి పేపర్ బ్యాలెట్ గుర్తొచ్చింది. ఈసారి వెక్కిరించడం టీడీపీ వంతు. ఢిల్లీలోనూ ఇదే తంతు లెండి, 2009లో ఓడాక అద్వానీ గారూ బ్యాలెట్ పేపరే అడిగారు.

పేపర్ రోజులే బాగుండేవి అనేవాళ్లు సైక్లింగ్ అనే మోసం సంగతి మర్చిపోయినట్టున్నారు. మొదటివాడు ఖాళీ బ్యాలెట్ జేబులో పెట్టుకుని బయటికొస్తాడు. బయట దాని మీద ముద్ర గుద్ది రెండోవాడికిస్తారు. వాడు దాన్ని పెట్టెలో వేసి, తనకిచ్చిన ఖాళీది తెచ్చిస్తాడు. సాయంత్రం దాకా ఇదే. కట్టలకు కట్టలు గుద్దేయడం, పెట్టెలో సిరా పోయడం సరేసరి. ఈవీఎం నిమిషానికి నాలుగు ఓట్లకు మించి తీసుకోదు. క్లోజ్ బటన్ నొక్కాక ఇంకొక్క ఓటు కూడా పడదు. ఈవీఎంలు తయారుచేసే ఈసీఐఎల్ ఉన్న హైదరాబాద్‌లోనే 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికలు బ్యాలెట్ మీద పెట్టారు కదా, ఏమైంది? ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ గుర్తు బదులు సీపీఎం గుర్తు అచ్చయి రీపోలింగ్. నేరేడ్‌మెట్‌లో స్వస్తిక్ కాకుండా వేరే ముద్ర పడ్డ ఓట్ల గొడవ హైకోర్టు దాకా వెళ్లి ఫలితమే ఆగింది.

కాబట్టి మిషన్ ఉండాల్సిందే. కానీ అది మోసం చేయకపోతే చాలదు, చేయలేదని ఓడినవాడికి చూపించగలగాలి. జర్మనీ రాజ్యాంగ కోర్టు 2009లో అక్కడి మిషన్లను కొట్టేసింది ఇందుకే. కంప్యూటర్ చదువు లేని పౌరుడు కూడా లెక్క సరిచూసుకోగలగాలి అంది. బ్లూటూత్‌తో మార్చేశారు, శాటిలైట్‌తో మార్చేశారు అనే వాట్సాప్ కబుర్లు నేను నమ్మను, ఈవీఎంకి నెట్ కనెక్షనే ఉండదు. అయితే నామినేషన్లు అయ్యాక సింబల్ లోడింగ్ యూనిట్‌తో ఓటు ఎవరికి పడిందో స్లిప్పు మీద అచ్చేసి చూపించే వీవీప్యాట్‌లోకి అభ్యర్థుల గుర్తులు ఎక్కిస్తారు. అంటే బయటి నుంచి లోపలికి ఒక దారైతే ఉన్నట్టే. ఆ యూనిట్లకు సీలేసి ఫలితాల తర్వాత 45 రోజులు దాచమని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో చెప్పింది. అప్పటిదాకా ఆ జాగ్రత్త కూడా లేదన్నమాట.

అనుమానం తీర్చే సాధనం మన దగ్గరే ఉంది. ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుందే, ఆ స్లిప్పు. మిషన్ లెక్కకూ స్లిప్పుల లెక్కకూ తేడా వస్తే స్లిప్పులదే చెల్లుతుందని రూల్ కూడా ఉంది. ఇంత ఏర్పాటు చేసుకుని అసెంబ్లీ సీటుకు ఐదు బూత్‌లవే లెక్కపెడతాం. ఏపీలో 46 వేల పైచిలుకు బూత్‌లుంటే చూసేది 875. ఆ ఐదైనా, 2019లో చంద్రబాబు గారితో కలిసి 21 పార్టీలు సగం స్లిప్పులు లెక్కపెట్టమని కోర్టుకెక్కితే, ఒకటి కాస్తా ఐదైంది. ఎక్కువ లెక్కపెడితే ఆలస్యమవుతుందట! ఆ ఏడాది ఏప్రిల్ 11న ఓటేసి మే 23 దాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాం. అన్నాళ్లు ఆగినవాళ్లం ఇంకో మూడు రోజులు ఆగలేమా? అన్ని బూత్‌లూ అక్కర్లేదు. లాటరీలో వచ్చిన ఐదూ చూడండి, ఓడినవాడు వేలు చూపించిన ఇంకో ఐదూ చూడండి. 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో తేలింది. అలాంటి సీట్లో మాత్రం ప్రతి స్లిప్పూ లెక్కపెట్టాల్సిందే. ఓడిన అభ్యర్థి అడిగాడా లేదా అన్నదాంతో పని లేకుండా.

ఇక్కడే ఇంత గోలగా ఉంటే, కొందరు ఫోన్‌లో ఓటు అంటున్నారు. తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం 2021లో ఖమ్మంలో ఉత్తుత్తి పోలింగ్ పెట్టి చూసింది. బీహార్ అయితే 2025 జూన్‌లో మున్సిపల్ ఎన్నికల్లో నిజంగానే పెట్టేసింది. ఎస్టోనియా 2005 నుంచి ఇంటర్నెట్‌లో వేయిస్తోంది కదా అంటారు. అక్కడ ఎవరైనా బెదిరించి వేయిస్తే తర్వాత మళ్లీ వేసుకోవచ్చు, చివరి ఓటే లెక్క. మన దగ్గర డబ్బుల కవరిచ్చినవాడు ఆ చివరి నిమిషం దాకా మంచం పక్కనే కూర్చుంటాడు స్వామీ. ఇవాళ మన ఓటరు రెండు పార్టీల దగ్గరా తీసుకుని, అట్ట వెనక్కి వెళ్లి తనకు నచ్చినవాడికి నొక్కి వస్తున్నాడు. డబ్బిచ్చినవాడికి అది తెలిసే దారి లేదు. ఓటు ఇంట్లో ఫోన్‌లోకి వచ్చిన రోజున ఇంటింటికీ తిరిగి స్క్రీన్ చూసి మరీ డబ్బులిస్తారు. ముసలివాళ్ల కోసం, వికలాంగుల కోసం అంటారా, 85 దాటినవాళ్లకు ఇంటికే వచ్చి పోస్టల్ బ్యాలెట్ వేయించుకునే పద్ధతి 2024లో చూశాం. ఆ వయసు 75కి తగ్గించండి, ఇంకో నాలుగు జీపులు పెట్టండి. యాప్ ఎందుకు?