78.4 గెలిచింది, 78.2 ఓడింది

దరఖాస్తులు చూసే కమిటీలను పక్షపాతం అంటూ ఆడిపోసుకునేవాళ్లకు ఇక నోరెత్తే అవకాశం లేదు. వెయిటేజీ వచ్చేసింది, అంటే వందలో ఏ అంశానికి ఎన్ని మార్కులనే లెక్క. అనుభవానికి 40, ప్రతిపాదనకు 30, ఖర్చు అంచనాకు 20, దరఖాస్తు నీట్‌గా ఉన్నందుకు 10. కూడితే వంద వచ్చింది కాబట్టి న్యాయం జరిగినట్టే.

1772లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, నిర్ణయం తేలనప్పుడు కాగితాన్ని రెండుగా విడదీసి మంచీ చెడూ రాసుకోమని, మూడు నాలుగు రోజులు ఆలోచించి సరితూగేవి కొట్టేయమని సలహా ఇచ్చాడు. పాపం, ఎక్సెల్ లేని కాలం. ఇప్పుడు మీటింగ్‌లో చివరి పది నిమిషాలు చాలు.

అసలు అందం మార్కులు వేసేటప్పుడు చూడాలి. అనుభవం పెద్ద విషయం, దాని మీద మాటామాటా ఎందుకని సభ్యులు అందరికీ 5కి 4 వేసేస్తారు. అంటే 40లో ఎవరికైనా 32 మార్కులే. 40 శాతం అక్కడికక్కడే ఆవిరి. ఇక 'నీట్‌గా ఉందా' అనే గడి దగ్గరకొచ్చేసరికి మొహమాటం పోతుంది. మార్జిన్లు కుదిరినవాడికి 5, పేజీ నంబర్లు మర్చిపోయినవాడికి 1. ఎనిమిది మార్కుల తేడా! ఏళ్ల తరబడి చేసిన పని తేల్చలేనిదాన్ని పేజీ నంబరు తేల్చేసింది. కాగితం మీద మాత్రం అనుభవానికే పెద్దపీట.

ఒక్కోసారి మార్కుల షీటు మొండికేసి, మనం అనుకోని మనిషిని పైన కూర్చోబెడుతుంది. కంగారు పడక్కర్లేదు. అధ్యక్షులవారు గొంతు సవరించుకుని, "ప్రతిపాదనకు మరీ ఎక్కువ ఇచ్చామేమో, ఒకసారి చూడండి" అంటారు. అందులోంచి పది తీసి 'దార్శనికత' అని కొత్త గడి పెడతారు. ఇల్లు కట్టాక ప్లాన్ గీసినట్టే, కానీ ప్లాన్ చక్కగా కుదురుతుంది. దార్శనికతను ఎలా కొలవాలని ఎవరూ అడగరు, మనవాడికి ఉందని అందరికీ తెలుసు కదా. మళ్లీ కూడితే మనవాడు 78.4, అవతలివాడు 78.2. దశాంశంతో ఎవరు వాదిస్తారు?

దరఖాస్తులు తెరవకముందే వెయిటేజీ ఖరారు చేయాలని, 4కీ 5కీ తేడా ఏమిటో ముందే రాసుకోవాలని, ఒకరి మార్కులు ఒకరు చూడకుండా వేయాలని కొందరు చాదస్తులు అంటుంటారు. అలా చేస్తే ఎవరొస్తారో ఎవరికి తెలుసు? ఆ టెన్షన్ మనకెందుకు?

రాబిన్ డాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1979లోనే ఇంకో చేదు మాట చెప్పాడు. సరైన అంశాలు ఎంచుకుంటే చాలు, అన్నిటికీ సమాన వెయిటేజీ ఇచ్చినా ఫలితం చాలాసార్లు దాదాపు అంతే బాగుంటుందట. మరి వెయిటేజీలు తేల్చడానికి వేసిన ఉపసంఘం ఏమైపోవాలి? అందుకే దాని గడువు పొడిగించారు.