భూమి ఆశతో మారితే అది భక్తేనా?

(ఎస్టోనియాలోని కిహ్ను దీవిలో లినాకులా అనే చిన్న ఊరు. అక్కడి సెయింట్ నికోలస్ ఆర్థడాక్స్ చర్చి మీద రిటైరైన చరిత్ర మాస్టారికీ, ఆయన పాత శిష్యురాలికీ వాదన.)

మాస్టారు: ఆ చర్చి మొదట లూథరన్లదే కదమ్మా. 1840ల్లో కరువు. అప్పుడు అక్కడ ఏలుతున్న రష్యా చక్రవర్తి జార్ మతంలో, అంటే ఆర్థడాక్స్‌లో చేరితే భూమి ఇస్తారని పుకారు లేచింది. 1845-48 మధ్య లివోనియాలో (ఇప్పటి దక్షిణ ఎస్టోనియా, ఉత్తర లాట్వియా) ఎస్టోనియన్ రైతులే 60 వేలమందికి పైగా మారిపోయారు. కిహ్ను జనమూ అందులోనే. దీన్ని భక్తి అంటావా?

శిష్యురాలు: ఆశ లేదని నేనెక్కడన్నాను మాస్టారూ? 1819లో రైతుల బానిసత్వం పోయింది గానీ, లివోనియాలో భూమి చాలామటుకు జర్మన్ జమీందార్ల చేతుల్లోనే ఉండిపోయింది. లూథరన్ పాస్టర్లూ వాళ్ళ వైపే. అయితే మతం మారితే లౌకిక లాభమేమీ ఉండదని ప్రభుత్వమే చెప్పించింది. పేరిచ్చాక ఆర్నెల్లు ఆగాలని రూలు కూడా పెట్టింది. అయినా వచ్చారు.

మాస్టారు: పుకారు ముందు సర్కారు మాట ఎవరు వింటారు! తర్వాత వెనక్కి వెళ్తామని ఎందరో మొత్తుకున్నారు. ఆర్థడాక్స్ మతం వదలడానికి చట్టం 1905 దాకా ఒప్పుకోలేదు. బయటికి దారి లేక ఉండిపోవడాన్ని నిష్ఠ అనకు.

(ఇక్కడ మాస్టారి దెబ్బ గట్టిదే.)

శిష్యురాలు: సరే, 1905లో తలుపు తెరిచారు. మరి ఇప్పటికీ కిహ్నులో ఎక్కువమంది ఆర్థడాక్సే ఎందుకున్నారు?

మాస్టారు: అలవాటు. దీవి కదా, పాతవి అంత తొందరగా పోవు.

శిష్యురాలు: మగాళ్ళు సముద్రం మీద, ఇల్లూ పొలమూ ఆడవాళ్ళ మీద. అలాంటి ఊరికి నావికుల్ని కాచే నికోలస్ పేరిట చర్చి ఊరికే అతుక్కుంటుందా? వాళ్ళ చారల లంగా చూడండి, దాన్ని కోర్ట్ అంటారు. చావు దుఃఖంలో ముదురు రంగు కడతారు, దుఃఖం తగ్గేకొద్దీ ఎరుపు పెరుగుతుంది. కెప్టెన్ కిహ్ను యోన్ 1913లో డెన్మార్క్ దగ్గర ఓడ మునిగి పోయాడు. ఆయన ఎముకల్ని 1992లో తెచ్చి సొంత దీవిలో పూడ్చుకున్నారు.

మాస్టారు: లంగా రంగుకీ బైబిలుకీ ఏం సంబంధం? యునెస్కో 2008లో జాబితాలో చేర్చింది కూడా కిహ్ను సంస్కృతిని. సంస్కృతి అను, ఒప్పుకుంటా. భక్తి మాత్రం అనకు.

శిష్యురాలు: ఆ రెంటినీ విడదీసి చూపించమని అక్కడి ముసలమ్మనెవరినైనా అడగండి, మిమ్మల్ని ఎగాదిగా చూస్తుంది.

మాస్టారు: అసలు విషయం తప్పించకు. భూమి సంగతేంటి?

శిష్యురాలు: రాలేదు కదా! రాదని తేలిపోయాక, వెళ్ళే దారి తెరిచాక కూడా ఉన్నవాళ్ళ గురించే నేనిందాకట్నుంచీ చెప్తున్నది.