ఆ అడవి వరిని ఫ్రిజ్‌లో దాచలేం

కోస్తాలో ఉప్పు పొలాల్లోకి ఎగబాకుతోందని, శివారు రైతు నారు పోసి నష్టపోతున్నాడని ఏటా చదువుతూనే ఉన్నాం. దారేదని అడిగితే అందరూ ప్రయోగశాల వైపు చూపిస్తారు. ముందు బురద వైపు చూడాలన్నది నా వాదన.

నదులు సముద్రంలో కలిసేచోట, రోజూ పోటుకు మునిగి ఆటుకు తేలే నేలల్లో ఒక అడవి వరి పెరుగుతుంది. శాస్త్రీయ నామం ఒరైజా కోఆర్క్టేటా. కొన్ని పుస్తకాల్లో పోర్టెరేసియా అని కనిపించేదీ ఇదే. బెంగాలీలు ధానీ ఘాస్ అంటారు. సుందర్బన్స్‌లో విస్తారంగా ఉంది, మన గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లోనూ నమోదైంది. దీనికి ఈ పేరు పెట్టిన రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దం చివర్లో మన సామర్లకోటలో తోట పెంచిన వృక్షశాస్త్రవేత్తే.

ఆకు బిరుసుగా ఉంటుంది. పైవైపు నిలువునా గాడులు, వాటి వెంట కంటికి ఆనని సన్నటి నూగు. వేళ్ల గుండా లోపలికొచ్చిన ఉప్పును మొక్క ఈ నూగులోకి నెడుతుంది. ఉప్పుతో నిండిన నూగు పగిలిపోతుంది, బయటపడ్డ ఉప్పును పోటునీరు కడిగేస్తుంది. మళ్లీ కొత్త నూగు వస్తుంది. నేల ఉప్పదనం మీటరుకు 3 డెసిసైమన్లు (ఉప్పును కొలిచే ప్రమాణం) దాటితే చాలు, మన వరి దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. ఇది 20 నుంచి 40 వరకూ తట్టుకుంటుంది. పైగా నేలలో పాకే దుంపకాండంతో మెత్తటి మేటను కదలకుండా పట్టి ఉంచుతుంది. కొత్తగా పడిన మేట మీద ముందు ఇది నిలదొక్కుకుంటే, మడ చెట్లు ఆ తర్వాత వస్తాయి.

ఈ గుణాన్ని సాగు వరిలోకి తేవడం ఎంత కష్టమో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థను చూస్తే తెలుస్తుంది. 2013లో వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం సాగు వరితో దీన్ని కలిపి 34 వేల సంకరాలు చేస్తే దక్కిన విత్తన పిండాలు మూడు. అందులో బతికి మొలకెత్తింది ఒక్కటి. అంతటి ఓపికకూ ఆధారం పుప్పొడి ఇచ్చే బతికున్న మొక్కే.

అసలు సంగతి ఇక్కడుంది. మామూలు వరి గింజను ఎండబెట్టి చల్లటి గదిలో పెడితే ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. ఈ అడవి వరి గింజ ఎండితే చచ్చిపోతుంది. విత్తనాలను ఇలా ఎండబెట్టి దాచే జీన్ బ్యాంకుల పద్ధతే దీనికి పనికిరాదు. తన బురదలో తాను బతికి ఉండాలి, లేదా ఎవరో ఒకరు మొక్కగానే పెంచుతూ పోవాలి. ఒక చోటి దుబ్బు పోయిందంటే ఆ చోటి రకం పోయినట్టే.

రొయ్యల చెరువులతో డాలర్లొస్తున్నాయి, ఉప్పును తట్టుకునే వరి కావాలంటే మచిలీపట్నం పరిశోధన స్థానం ఎంసీఎం రకాలు ఇచ్చింది, హర్యానాలోని కర్నాల్ నుంచి సీఎస్ఆర్ రకాలున్నాయి, ఈ గడ్డి కోసం ఇంత హడావిడి ఎందుకు అంటారు. ఆ రకాలు మంచివే, రైతుకు అక్కరకొస్తున్నాయి. కానీ అవి తట్టుకునే ఉప్పుకూ దీనికీ పోలికే లేదు.

మన ప్రభుత్వాలకు తీరమంటే చెట్టు, లేకపోతే చెరువు. మడ అడవులకు 2023 కేంద్ర బడ్జెట్‌లో మిష్టీ పథకం ప్రకటించారు, సంతోషం. నాటిన మొక్కల సంఖ్యతో ఫొటో దిగొచ్చు. మోకాలెత్తు గడ్డితో ఎవరు ఫొటో దిగుతారు? తీరంలో ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో చెప్పే సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నోటిఫికేషన్ జీవమున్న బురదమేటలనూ ఉప్పు చిత్తడులనూ కూడా అత్యంత రక్షణ ఉన్న 1ఏ జాబితాలోనే పెట్టింది. కాగితం మీద రక్షణ ఉంది, పటం మీద ఈ గడ్డి దుబ్బు ఎక్కడుందో గుర్తు లేకపోతే దాన్ని చెరువుగట్టు కింద కప్పేసినా ఎవరికీ తెలియదు.

కోరింగ నుంచి కృష్ణా ముఖద్వారం దాకా ఈ అడవి వరి ఉన్న ప్రతి మేటనూ అటవీ శాఖ, వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి సర్వే చేయాలి. కొత్త చెరువులకు అనుమతులిచ్చే అధికారుల బల్ల మీద ఆ పటం ఉండాలి. మచిలీపట్నం, బాపట్ల కేంద్రాల్లో ఉప్పునీటి మడులు కట్టి, ఒక్కో మేట నుంచి తెచ్చిన పిలకలను విడివిడిగా పెంచాలి.