ఇనుప బీరువా గారికి ఒక లెక్కల మాస్టారి విన్నపం

మహారాజశ్రీ బీరువా గారికి,

విశాఖపట్నంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి. సముద్రపు ఉప్పుగాలికి మీ కింది అర తుప్పు పట్టి పెచ్చులూడుతున్నదనీ, తలుపు తీసినప్పుడల్లా మీరు పెట్టే మూలుగు ఆరో తరగతి గది దాకా వినిపిస్తున్నదనీ తెలిసి చింతిస్తున్నాను. తనిఖీకి అధికారులు వచ్చిన రోజున తప్ప మీ తలుపు తీసేవారు లేరు గనుక, ఆ మూలుగుకు పెద్దగా భయపడనక్కర లేదు.

మొన్న స్టాఫ్ రూములో ఒక వాదం నడిచింది. ఉన్న నాలుగు రాళ్లూ చురుకైన పిల్లల మీద పెట్టాలా, ప్రత్యేక అవసరాలున్న పిల్లల మీద పెట్టాలా అని. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి హక్కులిచ్చిందనీ, సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద అటువంటి పిల్లలు ఒక్కొక్కరికి ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయింపు ఉన్నదనీ, తెలివైనవాడి కోసం మాత్రం చట్టమేదీ లేదనీ, 2020 జాతీయ విద్యా విధానం క్లబ్బులు పెట్టుకోమని సలహా చెప్పి ఊరుకున్నదనీ ఒకరు వాపోయారు. అల్లుడు అమెరికాలో ఉన్న సోషల్ మాస్టారు, అక్కడి ప్రభుత్వం 1975లోనే చట్టం చేసి, ప్రత్యేక విద్య పొందే ఒక్కొక్కరికి, దేశంలో ఒక విద్యార్థి మీద సగటున అయ్యే ఖర్చులో 40 శాతం దాకా భరిస్తానని మాట ఇచ్చి నేటికీ నిలబెట్టుకోలేదని చెప్పారు. ఈ ఒక్క విషయంలో అగ్రరాజ్యానికి మనం తీసిపోలేదని తేలి అందరికీ కాస్త ఊరట కలిగింది.

వాళ్లు వాదించుకుంటుంటే నేను మీ వైపు చూశాను. ఈ పంపకాన్ని మీరు ఏనాడో తేల్చేశారు కదా! పై అరలో చురుకైన పిల్లల కోసం వచ్చిన ప్రయోగాల కిట్టు, కింది అరలో చూపు తక్కువ పిల్లల కోసం వచ్చిన భూతద్దం, పెద్దక్షరాల పుస్తకాలు. కిట్టులోని తీగలను ఎలుకలు కొరికాయి. భూతద్దానికి చుట్టిన ప్లాస్టిక్ సంచి నేటికీ విప్పలేదు. రెండు అరలకూ తాళం ఒక్కటే. వస్తువు పిల్లల చేతికిస్తే పగులుతుంది, పగిలితే ఆడిట్ అభ్యంతరం, ఆపైన జీతంలోంచి రికవరీ. తుప్పు పట్టి పోతే మాత్రం అడిగేవాడు లేడు.

ఇద్దరికీ దక్కనిది ఎవరికి దక్కుతున్నదంటారా? ఉత్తీర్ణతా శాతానికి. పదో తరగతిలో 35 మార్కుల గట్టు మీద ఊగిసలాడే పిల్లలకే మా సాయంత్రపు స్టడీ అవర్లన్నీ. ఎలాగూ గట్టెక్కేవాడి జోలికి పోము, ఎక్కదని మేమే తీర్మానించుకున్న పిల్ల జోలికీ పోము. ఇందులో నా పాత్ర తక్కువేమీ కాదు.

నా ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడున్నాడు. నేను లెక్క రాయడం ముగించేలోగా వాడు చేసేస్తాడు. ఖాళీగా ఉంటే అల్లరి చేస్తాడని, చూపు ఆనని ఒక అమ్మాయి పక్కన కూర్చోబెట్టి, బోర్డు మీద ఉన్నదంతా ఆమెకు చదివి చెప్పమన్నాను. ఆ విధంగా ప్రతిభకు ప్రోత్సాహమూ, ప్రత్యేక విద్యా, రెండూ జీతం లేని ఒక్క పోస్టులో సర్దేశాననీ, మీ తర్వాత అంత పొదుపరిని నేనేననీ మురిసిపోయాను.

గత వారం చక్రవడ్డీ పాఠం. 8,000 రూపాయలకు 5 శాతం చొప్పున రెండేళ్లకు వడ్డీ ఎంతని అడిగి, పరధ్యానంలో జవాబు 800 అని నేనే బోర్డు మీద వేశాను. మాస్టారు వేసింది గదా అని కుర్రవాడు అలాగే చదివాడు. "కాదురా, ఎనిమిదొందల ఇరవై. మొదటేడు వడ్డీ మీద ఇంకో ఇరవై రాదేటి?" అన్నది ఆ పిల్ల, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. వాళ్లమ్మ హార్బరులో చేపలు కొనడానికి తెచ్చే అప్పుకు వడ్డీ లెక్క చూసేది ఇంట్లో తనేనట.

ఇప్పుడు నా సందేహమల్లా ఒక్కటే. ఈ పిల్లను మీ పై అరలో పెట్టాలా, కింది అరలోనా? ఆ సంగతి తమరు నిదానంగా ఆలోచించి సెలవివ్వండి గానీ, ఈలోగా ఆ భూతద్దం ఒక్కటి నాకు ఇప్పించ ప్రార్థన. తాళంచెవి హెడ్మాస్టరు గారి జేబులో ఉన్నది, ఆయన సహిత విద్యపై, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అందరితో కలిపి చదువు చెప్పడంపై, సమావేశానికి వెళ్లారు. పగిలితే నా జీతంలోంచి కోసుకోవచ్చునని స్టాకు రిజిస్టరులో ముందుగానే రాసి సంతకం పెట్టి ఉంచాను.

ఇట్లు,
తమ విధేయుడు,
లెక్కల మాస్టారు

తా.క.: బోర్డు మీది 800ను దిద్ది 820 చేశాను. దిద్దిన సంగతి ఆ పిల్లకు పక్కవాడే చదివి చెప్పాడు.